‘జుదా’: అన్నం పెట్టు, చదివి పెట్టు

మీరు అడిగింది ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. కొరియన్‌లో ‘జుదా’ అంటే ‘ఇవ్వడం’ అని పుస్తకంలో నేర్చుకున్నారు. కానీ ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వని చోట కూడా కొరియన్లు ‘జుసెయో’ అంటూనే ఉన్నారు. అది ‘దయచేసి’ అన్న మాటేమో అని మీ అనుమానం. ఇంతలో ఇవ్వడానికే ‘దురిదా’ అనే ఇంకో క్రియ ఎదురైంది. చివరగా, మీ కొరియన్ టీచరుకు ‘గారుచొసొ గమ్సాహమ్నిదా’, అంటే ‘నేర్పినందుకు ధన్యవాదాలు’ అని సందేశం పెడితే ఆవిడ నవ్వు బొమ్మ ఒకటి పంపి ఊరుకున్నారు. తప్పేమిటో చెప్పలేదు.

ఈ నాలుగు చిక్కులకూ మూలం ఒక్కటే. మీరు ఈ క్రియను ఇంగ్లీషు మీదుగా నేర్చుకున్నారు. తెలుగు మీదుగా వెళ్తే సగం దారి ముందే నడిచేసినట్టు లెక్క. నేను దక్షిణ కొరియాలోని సువన్‌ నగరంలో ఆరేళ్లు ఉద్యోగం చేసి వచ్చి, ఇప్పుడు హైదరాబాదులో సాయంత్రాలు కొరియన్ చెబుతున్నాను. ఆ భాషలో ఈ ఒక్క క్రియ దగ్గర పడినన్ని పల్టీలు ఇంకెక్కడా పడలేదు. అందుకే జవాబు కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

అన్నీ తెలుగు లిపిలోనే రాస్తున్నాను కాబట్టి ఉచ్చారణ గురించి ఒక్క మాట. మాట మొదట్లో వచ్చే ‘జు’ను మన జకారంలా గట్టిగా పలకకండి, చ-జ ల మధ్య ఎక్కడో ఉంటుంది. ‘దురిదా’లోని ‘దు’ను పెదవులు గుండ్రంగా చుట్టకుండా పలకాలి. నేను పొట్టి ‘ఒ’ రాసిన చోట నోరు ఇంకాస్త తెరవాలి. అసలు మీరింకా హంగుల్ అనే కొరియన్ లిపి నేర్చుకోకపోతే ఈ వారమే ఆ పని పూర్తి చేయండి. మూల అక్షరాలు 24 మాత్రమే, మన గుణింతాలు దాటొచ్చినవాళ్లకు అదొక లెక్క కాదు.

ఇక అసలు సంగతి. కొరియాలో పిల్లలు బడి నుంచి ఇంటికొచ్చి సంచీ విసిరేసి అనే మాట ఇది: ‘ఒమ్మా, బాప్ జ్వొ.’ ఒమ్మా అంటే అమ్మ, బాప్ అంటే అన్నం. మిగిలిన ‘జ్వొ’ మన జుదాయే. దీన్ని తెలుగులో చెప్పండి. ‘అమ్మా, అన్నం ఇవ్వు’ అని ఏ తెలుగు పిల్లవాడూ అనడు. ‘అన్నం పెట్టు’ అంటాడు.

(అమ్మా, ఒమ్మా వినగానే ‘అయితే రెండు భాషలూ చుట్టాలేనా’ అని అడుగుతారు, ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్ 20వ శతాబ్దం తొలి సంవత్సరాల్లోనే కొరియన్‌ను ద్రావిడ భాషలతో పోలుస్తూ ఒక పుస్తకం రాశాడు. భాషాశాస్త్రవేత్తలు ఆ చుట్టరికాన్ని ఒప్పుకోలేదు. అమ్మను పిలిచే మాట లోకంలో చాలా భాషల్లో ఇలాగే ఉంటుంది. చుట్టాలు కాకపోయినా పక్కింటివాళ్లలా పోలికలు మాత్రం ఉన్నాయి, మనకు పనికొచ్చేవి అవే.)

‘పెట్టు’ను పట్టుకుని ఇంకొంచెం ముందుకు వెళ్దాం. చూపు ఆనని ముసలమ్మ చేతిలో ఉత్తరం పట్టుకుని ‘కాస్త చదివి పెట్టు నాయనా’ అంటుంది. ఇక్కడ ‘పెట్టు’ అంటే ఎక్కడా ఏదీ పెట్టడం లేదు. చదివే శ్రమ నీది, ఫలం నాది అని చెప్పడమే దాని పని. చేసి పెట్టు, రాసి పెట్టు, కొని పెట్టు, ‘మా అమ్మాయికి ఒక సంబంధం చూసి పెట్టండి’. జుదా చేసేది అచ్చంగా ఈ పనే. ఆ ముసలమ్మ వాక్యాన్ని కొరియన్‌లో చెబితే ‘ఇగొ జోమ్ ఇల్గొ జుసెయో’. ఇగొ అంటే ఇది. జోమ్ అంటే కాస్త. ఇల్గొ అంటే చదివి. జుసెయో అంటే పెట్టండి. ఒక్క మాట కూడా ముందువెనుకలు కాలేదు చూడండి. ‘జోమ్’ కూడా గమనించండి. అది ‘కొంచెం’ అనే అర్థమిచ్చే ‘జోగుమ్’ కుదించుకుపోయిన రూపం. ఇక్కడ కొలతతో దానికి పని లేదు, అడగడంలోని కరుకును తగ్గించడానికి వాడతారు. ‘కాస్త తలుపు తియ్యండి’ అన్నప్పుడు తలుపును సగమే తియ్యమని మన అర్థం కాదు కదా, అదే సంగతి.

కాబట్టి మొదటి చిక్కు విడిపోయింది. ‘దోవా జుసెయో’ అంటే ‘సాయపడి పెట్టండి’. ‘సాజిన్ జోమ్ చ్చిగొ జుసెయో’ అంటే ‘కాస్త ఫోటో తీసి పెట్టండి’. టాక్సీలో ‘యొగిసొ సెవొ జుసెయో’ అంటే ‘ఇక్కడ ఆపి పెట్టండి’. బజారులో ‘క్కక్కా జుసెయో’ అంటే ‘తగ్గించి ఇవ్వండి’, బేరం.

రూపాల గురించి ఎక్కువ చెప్పను, పట్టికలు మీ పుస్తకంలో ఉంటాయి. జుదాలోంచి ‘దా’ తీసేస్తే మిగిలేది ‘జు’. దానికి ‘ఒ’ చేరితే ‘జ్వొ’, స్నేహితుడితో వాడేది. మర్యాదగా ‘జ్వొయో’, జరిగిపోయినదానికి ‘జ్వొస్సొయో’, అడిగేటప్పుడు ‘జుసెయో’, రైలు ప్రకటనల్లోనూ నోటీసుల్లోనూ ‘జుషిప్షియో’. దీని ముందు వచ్చే క్రియ మన చేసి, చదివి, కొని లాంటి రూపంలో ఉండాలి. అక్కడ ‘ఆ’ చేరాలా ‘ఒ’ చేరాలా అన్నది ముందున్న అచ్చును బట్టి ఉంటుంది. హరికి, రాముకు అని మనం అచ్చును చూసి ‘కి’, ‘కు’ మార్చుకోవడం లేదా, అలాంటిదే అనుకోండి. ‘చేయడం’ అనే హాదా మాత్రం ‘హె’ అవుతుంది. ‘హె జుసెయో’ అంటే చేసి పెట్టండి.

ఎవరికి ఇచ్చామో వాళ్ల పేరు పక్కన మనం ‘కి’ పెట్టినట్టు వాళ్లు మాటల్లో ‘హన్తే’, రాతలో ‘ఎగే’ పెడతారు. సియోల్ పార్కుల్లో తిరిగితే పావురాలకు మేత వేయవద్దనే బోర్డులు కనిపిస్తాయి. ‘బిదుల్గిఎగే మొగిరుల్ జుజి మాసెయో.’ మేత వేయడానికీ జుదాయే. మొక్కలకు నీళ్లు పోయడానికీ జుదాయే, అయితే మొక్కకు ప్రాణమున్నా వ్యాకరణంలో ప్రాణుల జాబితాలో చేర్చరు, ‘ఎ’ ఒక్కటే చాలు: ‘హ్వాబునె ముల్ జ్వొస్సొయో’, కుండీకి నీళ్లు పోశాను. మనసు నొప్పించడం ‘సాంగ్‌చొరుల్ జుదా’. మనమూ ‘బాధ పెట్టాడు’ అంటాం. అన్నం పెట్టే క్రియతోనే బాధ కూడా పెట్టడం రెండు భాషలకూ తెలుసు.

మీ రెండో అనుమానం, జుసెయో అంటే ‘దయచేసి’యేనా అని. కాదు, ఈ అలవాటు ముదరక ముందే వదిలించుకోండి. ‘దయచేసి’ని ఏ వాక్యానికైనా తగిలించవచ్చు. జుసెయోను తగిలించలేరు. ఆ పని వల్ల మేలు నాకో నావాళ్లకో జరగాలి, అప్పుడే అది వస్తుంది. ఇంటికొచ్చిన అతిథిని కూర్చోమనడం అతిథి సుఖం కోసం, కాబట్టి ‘అంజుసెయో’ అంటే చాలు. భోజనం దగ్గర ‘మానీ దుసెయో’, బాగా తినండి. ఇక్కడ జుసెయో తగిలిస్తే ‘నా మొహం చూసి కాస్త కూర్చుని పెట్టండి, తిని పెట్టండి’ అని ప్రాధేయపడినట్టు ఉంటుంది. సభలో లేచి నిలబడి వెనకవాళ్లకు అడ్డం వస్తున్నవాళ్లతో మాత్రం ‘అంజా జుసెయో’ అనవచ్చు, అక్కడ మేలు మనదే. ‘అంజుసెయో’లోనూ ‘జుసెయో’ వినిపిస్తోందే అని చాలామంది బోల్తా పడతారు. అది ‘కూర్చోవడం’ అనే అంజ్‌దాకు మర్యాద ప్రత్యయం చేరగా వచ్చిన ధ్వని. దానికీ జుదాకూ సంబంధం లేదు, పెదవులు గుండ్రంగా చేయకుండా పలికే ఆ ఉకారమే మన చెవిని మోసం చేస్తుంది.

తెలుగుకూ కొరియన్‌కూ తేడా వచ్చేది ఇక్కడే. మనకు ‘పెట్టు’ ఐచ్ఛికం. ‘తలుపు తియ్యండి’ అన్నా మర్యాదకు లోటు లేదు, ‘తీసి పెట్టండి’ అంటే ఇంకాస్త మెత్తన. కొరియన్‌లో నా కోసం తలుపు తీయమంటూ జుదా లేకుండా ‘మున్ యొసెయో’ అంటే, మర్యాద ప్రత్యయం ఉండి కూడా, హుకుం జారీ చేసినట్టు ఉంటుంది. అందుకని ఒకరు మనకు మేలు చేస్తే అది మేలు అని క్రియలోనే ఒప్పుకోవాలి. మనం ఒప్పుకునేది ఎదురు దిక్కున, గమనించారా? వండుకున్నాను, రాసుకున్నాను, చేసుకోండి. మన మేలుకు మనం చేసుకున్నప్పుడు ‘కొను’ చేర్చకపోతే తెలుగు వాక్యం వెలితిగా ఉంటుంది. కొరియన్‌లో ఆ ‘కొను’కు అంత పని లేదు, మామూలు క్రియ సరిపోతుంది. వాళ్లు ఎదుటివాడి మేలును గుర్తు పెడతారు, మనం సొంత మేలును గుర్తు పెడతాం. దీని మీద జాతి స్వభావాల గురించి ఉపన్యాసాలు దంచవచ్చు గానీ, నేను వ్యాకరణం దగ్గరే ఆగుతాను.

ఇప్పుడు దురిదా. నేను దీన్ని నేర్చుకున్నది ఒక కిరాణా కొట్టులో, రాత్రి 11 గంటలకు. అక్కడ వీధికి రెండుమూడు చొప్పున రాత్రంతా తెరిచి ఉండే చిన్న దుకాణాలు ఉంటాయి. వెళ్లిన మొదటి నెల. పెట్టెలో కట్టిన భోజనం ఒకటి తీసుకుని బల్ల మీద పెట్టాను. ఆ కుర్రవాడు ‘దెవొ దురిల్‌క్కాయో?’ అన్నాడు. వేడి చేసి పెట్టమంటారా అని. తెలుగులో ‘ఇవ్వమంటారా’ అంటే ‘ఇవ్వండి’ అంటాం, అదే క్రియ తిప్పి చెబుతాం. నేనూ అలాగే ఠీవిగా ‘నే, దురిసెయో’ అన్నాను (‘నే’ అంటే అవును). కుర్రవాడు ఒక్క క్షణం ఆగి నా వెనక్కి చూశాడు. అక్కడ ఎవరూ లేరు.

ఎందుకు చూశాడంటే, దురిదా అంటే పెద్దవారికి వినయంగా ఇవ్వడం. పుచ్చుకునేవారిని పైకెత్తే మాట. అతను వాడితే కొనుగోలుదారుడినైన నేను పెద్దవాడిని, సరిపోయింది. నేను ‘దురిసెయో’ అంటే ‘ఆ పెద్దాయనకు సమర్పించండి’ అని మూడో మనిషిని చూపించినట్టు. నా గురించి నేను అనుకుంటే నన్ను నేనే పల్లకీ ఎక్కించుకున్నట్టు. సరైన జవాబు ‘నే, దెవొ జుసెయో’. వద్దనుకుంటే ‘అనియో, గ్వెంచనాయో’. ‘బోంగ్‌తు దురిల్‌క్కాయో?’ అంటే సంచీ కావాలా, ‘యొంగ్‌సుజుంగ్ దురిల్‌క్కాయో?’ అంటే రశీదు కావాలా. ప్రశ్న దురిదాతో వస్తుంది, జవాబు జుదాతో వెళ్తుంది. ఈ ఒక్క జత నోటికి పట్టేదాకా అద్దం ముందు పలకండి.

సూత్రం చిన్నదే. జుదాకు ‘షి’ చేరిస్తే ఇచ్చేవారికి గౌరవం, దురిదా వాడితే పుచ్చుకునేవారికి గౌరవం. నాయనమ్మ నాకు ఇచ్చింది: ‘హల్మొనిక్కెసొ జుషొస్సొయో’. నేను నాయనమ్మకు ఇచ్చాను: ‘హల్మొనిక్కె దుర్యొస్సొయో’. నాన్న నాయనమ్మకు ఇచ్చారు అంటే ఇద్దరూ పెద్దవాళ్లే, కాబట్టి రెండూ కలిపి ‘దురిషొస్సొయో’. జుసెయోలోనే ఆ ‘షి’ దాగి ఉంది. అడుగుతున్న నేను చిన్న, ఇచ్చే మీరు పెద్ద అని అది ముందే ఒప్పుకుంటుంది. తన పనికి తానే ‘షి’ తగిలించుకుని ‘జెగా దోవాజుషొస్సొయో’ అనేవాళ్లుంటారు. అది ‘నేను సాయం చేశారు’ అన్నంత చక్కగా ఉంటుంది.

మనకూ సమర్పించు, మనవి చేయు, విన్నవించు లాంటి మాటలు లేకపోలేదు. కానీ అవి అర్జీల్లోనూ శుభలేఖల్లోనూ దాక్కున్నాయి. కొరియన్‌లో అలాంటి మాట కిరాణా కొట్టు దాకా వచ్చింది, ఆఫీసులోనైతే అది లేకుండా పూట గడవదు. పై అధికారితో ‘నేను చేసి పెడతాను’ అనాలంటే ‘హె జుల్‌క్కెయో’ అనకండి. అది సాటివాళ్లతో అనే మాట, మీరేదో ఉపకారం చేస్తున్నట్టు ఉంటుంది. ‘హె దురిల్‌క్కెయో’ అనండి. ఉత్తరంలో అయితే ‘బొనె దురిగెస్సుమ్నిదా’, పంపిస్తాను. పెనుకొండ దగ్గర కియా కార్ల కర్మాగారం వచ్చాక అటువైపు ఉద్యోగాల కోసం కొరియన్ నేర్చుకునేవాళ్లు నా దగ్గరికి కూడా వస్తున్నారు. వాళ్లకు మొదటి వారంలోనే ఈ రెండు వాక్యాలు చెబుతాను.

తెలుగువాళ్లు తరచూ చేసే తప్పు ఒకటి ఉంది. ‘స్నేహితుడికి సాయం చేశాను’ అనే వాక్యాన్ని మనసులో పెట్టుకుని ‘చింగుహన్తే దోవాజ్వొస్సొయో’ అంటారు. మనకు ‘కి’ ఉంది కదా అని ‘హన్తే’ పెట్టారు. కొరియన్‌లో ‘దోప్‌దా’ అనే క్రియ నేరుగా మనిషినే కర్మగా తీసుకుంటుంది. ‘చింగురుల్ దోవాజ్వొస్సొయో’, స్నేహితుణ్ని ఆదుకున్నాను అన్నట్టు. ‘సాయం చేయడం’ బదులు ‘ఆదుకోవడం’ గుర్తు పెట్టుకుంటే విభక్తి దానంతట అదే కుదురుకుంటుంది. దీని చుట్టమే అప్పు వ్యవహారం. ‘బిల్లిదా’ అంటే అప్పు తీసుకోవడం, దానికే జుదా చేర్చి ‘బిల్ల్యొజుదా’ అంటే అప్పు ఇవ్వడం. ఒక్క జుదా చేరితే డబ్బు ప్రవాహం తిరగబడుతుంది, జాగ్రత్త.

ఇంకా పైమెట్టు ఒకటి చెప్పి ముగింపు వైపు వస్తాను. ఇది ఇప్పుడే వంటపట్టకపోయినా బెంగ పడకండి. ‘మేనేజరు ఆ కాగితాలు ఇమ్మన్నారు’ అనే తెలుగు వాక్యంలో ఎవరికి ఇమ్మన్నారు? తనకా, ఇంకొకరికా? మాటల సందర్భాన్ని బట్టి తెలుసుకుంటాం. కొరియన్‌లో క్రియే చెబుతుంది. తనకే కావాలంటే ‘దల్లాగో హషొస్సొయో’, ఇంకొకరికి ఇవ్వమంటే ‘జురాగో హషొస్సొయో’. అడిగినవారికే ఇవ్వాల్సినప్పుడు జుదా పక్కకు తప్పుకుని ‘దల్లా’ అనే వేరే రూపం వస్తుంది. ఒకసారి ఆఫీసులో నాకు చెప్పింది దల్లాగో, నేను విన్నది జురాగో. ఫైలు పట్టుకెళ్లి పక్క విభాగంలో భద్రంగా అప్పగించి వచ్చాను. మా మేనేజరు సాయంత్రం దాకా ఎదురుచూశారు. నా పక్క కుర్చీలో కూర్చునే మలయాళీ మిత్రుడికి మాత్రం ఈ గొడవ వివరించగానే ఎక్కింది. వాళ్ల భాషలో నాకో నీకో ఇస్తే ‘తరుక’, మూడో మనిషికి ఇస్తే ‘కొడుక్కుక’ అని రెండు క్రియలు ఉన్నాయి. కొరియన్ లెక్క అచ్చంగా అదే కాకపోయినా, పుచ్చుకునేది ఎవరో చూసి క్రియ మార్చే అలవాటు వాళ్ల నాలుకకు ముందే ఉంది. మనకేమో అందరికీ ఒకటే ‘ఇవ్వు’.

సాధన ఎలా చేయాలంటారా? నేను విద్యార్థులతో చేయించేది ఇది. ఒక నోటుబుక్కులో రోజూ రాత్రి, ఆ రోజు మీ కోసం ఎవరెవరు ఏం చేసి పెట్టారో మూడు వాక్యాలు, మీరు ఎవరికి ఏం చేసి పెట్టారో మూడు వాక్యాలు రాయండి. అమ్మ టీ పెట్టి ఇచ్చింది, పక్క సీటాయన కిటికీ తెరిచాడు, చెల్లికి లెక్క చెప్పాను. ప్రతి వాక్యంలో ఇచ్చింది ఎవరు, పుచ్చుకుంది ఎవరు, ఇద్దరిలో పెద్ద ఎవరు అని వేలు పెట్టి చూసుకోండి. కిటికీ వాక్యం దగ్గర చాలామంది జుదా మరిచిపోతారు, ఎందుకంటే తెలుగులో ‘తెరిచాడు’ అంటే సరిపోయింది. మరిచిపోయిన చోట ఎర్ర పెన్నుతో రాయండి. రెండు నెలల్లో ఎర్ర రంగు తగ్గుతుంది.

ఇక మీ టీచరు నవ్వు. ‘గారుచొసొ గమ్సాహమ్నిదా’లో జుదా లేదు. నేర్పారు అన్నారే గానీ మీకు నేర్పిపెట్టారు అనలేదు. ధన్యవాదాలు చెబుతూనే ఉపకారాన్ని క్రియలోంచి మినహాయించారు. వచ్చినవాళ్లకు కూడా కొరియన్లు ‘వా జుషొసొ గమ్సాహమ్నిదా’ అంటారు, ‘వచ్చిపెట్టినందుకు’ అని. తెలుగులో ఆ మాట వింటే నవ్వొస్తుంది, వాళ్లకు మీ వాక్యం విని నవ్వొచ్చింది. మళ్లీ ఇలా పంపండి: ‘సొన్సెంగ్నిమ్, గారుచొ జుషొసొ గమ్సాహమ్నిదా.’ ఈసారి కూడా నవ్వు బొమ్మే వస్తే నిశ్చింతగా ఉండండి.